పెగాసస్ నివేదిక: పేర్లు దాచండి, పాఠం దాచొద్దు

సుప్రీంకోర్టు దగ్గర ఒక నివేదిక ఉంది. 2022 ఆగస్టు 25న ధర్మాసనం ఆ సీల్డ్ కవర్ విప్పింది. అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి. రమణ అందులోని కొన్ని విషయాలు కోర్టు హాల్లోనే చదివి వినిపించారు. పరీక్షకు వచ్చిన ఫోన్లు 29. వాటిలో 5 ఫోన్లలో ఏదో ఒక మాల్‌వేర్ దొరికింది. అది పెగాససే అని గట్టిగా తేల్చలేకపోయారు. కేంద్ర ప్రభుత్వం కమిటీకి సహకరించలేదు. దేశానికి తెలిసింది ఇంతవరకే. మిగతాదంతా మళ్లీ కవర్‌లోకి వెళ్లింది. మర్నాడు జస్టిస్ రమణ పదవీ విరమణ చేశారు.

ఆ నివేదికను బయటపెట్టాలని పిటిషనర్లు అడుగుతూనే ఉన్నారు. దేశ భద్రత అంటూ ప్రభుత్వం కాదంటోంది. భద్రత విషయాల్లో కొంత గోప్యత తప్పదని ఎవరైనా ఒప్పుకుంటారు. మరి ఆ నివేదికలో ప్రతి పేజీ గోప్యమేనా? ఫోన్‌లోకి దొంగ ఎలా చొరబడతాడో చెప్పే పేజీ, చట్టం ఎలా మారాలో చెప్పే పేజీ కూడా రహస్యమేనా? వివాదమంతా ఇక్కడే ఉంది.

ఇక్కడిదాకా ఎలా వచ్చింది?

పెగాసస్ ఇజ్రాయెల్‌కు చెందిన ఎన్ఎస్ఓ గ్రూప్ తయారుచేసిన స్పైవేర్. ప్రభుత్వ సంస్థలకు తప్ప ఇంకెవరికీ అమ్మమని ఆ కంపెనీయే చెప్పుకుంటుంది. దీనికి లింకు నొక్కాల్సిన పని కూడా లేదు. ఫోన్ జేబులో ఉండగానే లోపలికి రాగలదు. మైక్, కెమెరా, మెసేజీలు, ఫొటోలు అన్నీ దాని చేతికి వస్తాయి. "వాట్సాప్‌లో ఎన్‌క్రిప్షన్ ఉంది కదా, భయమెందుకు?" అని చాలామంది అనుకుంటారు. వాట్సాప్ వేసే తాళం దారిలో వెళ్లే ఉత్తరానికి. పెగాసస్ ఉత్తరం చదివే మనిషి భుజం వెనక నిలబడి చూస్తుంది. అక్కడ ఆ తాళం పనిచేయదు.

2021 జూలై 18న 17 మీడియా సంస్థలు కలిసి పెగాసస్ కథనాలు బయటపెట్టాయి. వాటికి ఆధారమైన జాబితాలో దాదాపు 50 వేల నంబర్లున్నాయి. అందులో 300కు పైగా భారతీయుల నంబర్లను గుర్తించామని ది వైర్ రాసింది. జాబితాలో నంబర్ ఉన్నంత మాత్రాన ఫోన్ హ్యాక్ అయినట్టు కాదు. అది తేలాలంటే ఫోన్‌ను ల్యాబ్‌లో పరీక్షించాలి. అలా ఆమ్నెస్టీ ల్యాబ్ పరీక్షించిన వాటిలో ఢిల్లీ యూనివర్సిటీ అధ్యాపకుడు ఎస్.ఎ.ఆర్. గిలానీ ఫోన్ ఒకటి. పార్లమెంటు దాడి కేసులో ఆయనను 2003లో హైకోర్టు నిర్దోషిగా విడుదల చేసింది. 2005లో సుప్రీంకోర్టూ దాన్నే ఖాయం చేసింది. 2019లో ఆయన చనిపోయారు. కోర్టు వదిలేసిన ఏళ్ల తర్వాత కూడా ఆయన ఫోన్‌ను స్పైవేర్ వదల్లేదని ల్యాబ్ పరీక్ష చెప్పింది.

చట్టవిరుద్ధమైన నిఘా మన దేశంలో సాధ్యం కాదని ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది. పెగాసస్ వాడారా లేదా అన్న ప్రశ్నకు మాత్రం అవుననీ చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. అఫిడవిట్‌లో ఆ వివరాలు రాయలేమని సుప్రీంకోర్టుకు చెప్పింది. దాంతో 2021 అక్టోబర్ 27న జస్టిస్ రమణ, జస్టిస్ సూర్యకాంత్, జస్టిస్ హిమా కోహ్లీ ధర్మాసనం ముగ్గురు సాంకేతిక నిపుణులతో కమిటీ వేసింది. రిటైర్డ్ జడ్జి జస్టిస్ ఆర్.వి. రవీంద్రన్‌కు పర్యవేక్షణ అప్పగించింది. దేశ భద్రత పేరెత్తగానే కోర్టు వెనక్కి తగ్గదని ఆ తీర్పులో స్పష్టంగా రాసింది.

కమిటీ నివేదిక మూడు భాగాలుగా వచ్చింది. రెండు నిపుణులవి. మూడోది జస్టిస్ రవీంద్రన్‌ది. నిఘా చట్టాల సవరణ, వ్యక్తిగత గోప్యతకు రక్షణ, సైబర్ భద్రత, అక్రమ నిఘాపై పౌరులు ఫిర్యాదు చేసుకునే ఏర్పాటు, వీటిపై సూచనలు అందులో ఉన్నాయి. ఈ మూడో భాగాన్ని వెబ్‌సైట్‌లో పెడతామని ఆ రోజు ధర్మాసనమే చెప్పింది. 2025 ఏప్రిల్‌లో కేసు మళ్లీ విచారణకు వచ్చే నాటికి కూడా పిటిషనర్లు ఆ నివేదిక కోసం అడుగుతూనే ఉన్నారు.

కోర్టు మాటలో న్యాయం ఎంత?

2025 ఏప్రిల్ 29న జస్టిస్ సూర్యకాంత్, జస్టిస్ కోటీశ్వర్ సింగ్ ధర్మాసనం ముందుకు కేసు వచ్చింది. పహల్గామ్ దాడి జరిగి అప్పటికి వారమే. దేశం దగ్గర స్పైవేర్ ఉంటే తప్పేంటి, దాన్ని ఎవరి మీద వాడారన్నదే ప్రశ్న అని ధర్మాసనం అంది. భద్రతకు, సార్వభౌమత్వానికి సంబంధించిన నివేదికను ముట్టుకోమని, వీధుల్లో చర్చించుకునే కాగితంగా దాన్ని మార్చలేమని చెప్పింది. అయితే, తమ ఫోన్‌పై నిఘా పెట్టారేమోనని అనుమానం ఉన్నవారికి వ్యక్తిగతంగా సమాధానం ఇవ్వొచ్చని, మిగతావారికి ఎంతవరకు చెప్పొచ్చో పరిశీలిస్తామని కూడా అంది.

ఈ వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం. ఉగ్రవాదిని పట్టుకునే పద్ధతి ఉగ్రవాదికే తెలిసిపోతే నష్టం అందరికీ. బాంబు పేలుళ్లలో చనిపోయేవాళ్లలో అన్ని మతాల వాళ్లూ ఉంటారు. మక్కా మసీదు, లుంబినీ పార్క్, గోకుల్ చాట్, దిల్‌సుఖ్‌నగర్ చూసిన హైదరాబాద్‌కు ఇది ఎవరో చెప్పక్కర్లేదు. పరీక్షకు ఫోన్లు ఇచ్చినవారిలో కొందరు తమ వివరాలు బయటపెట్టొద్దని కోరారు. మాల్‌వేర్ సాంకేతిక వివరాలు దుండగుల చేతికి పోతే ప్రమాదమని కమిటీయే హెచ్చరించింది. ఇవన్నీ నిజమైన కారణాలే.

కాకపోతే ఈ కారణాలు కొన్ని పేజీలకే వర్తిస్తాయి. చట్టం ఇలా సవరించండి అన్న సూచన చదివి ఏ ఉగ్రవాది తప్పించుకుంటాడు? ప్రభుత్వం ఏ ప్రశ్నలకు జవాబివ్వలేదో తెలిస్తే ఏ సరిహద్దుకు ముప్పు? ఇక వ్యక్తిగతంగా చెబుతామన్న మాట. అది కొంత ఊరటే. కానీ కోర్టు దాకా వెళ్లి "నా ఫోన్ సంగతేంటి" అని అడగ్గలిగేది ఎవరు? లాయర్ ఉన్నవాళ్లు, పేరున్నవాళ్లు. ఫోన్ రిపేర్ షాపులో పనిచేసే కుర్రాడో, మదర్సాలో పాఠం చెప్పే టీచరో ఢిల్లీ వరకు వెళ్లరు.

ఆడిట్ రిపోర్టును ఎలా బయటపెడతారు?

రహస్యం, బహిరంగం రెండూ ఒకే కాగితంలో ఉంటే ఏం చేయాలో మన వ్యవస్థకు తెలియనిది కాదు. సమాచార హక్కు చట్టం సెక్షన్ 10 చెప్పేది ఇదే: ఇవ్వకూడని భాగాన్ని వేరుచేసి, మిగతాది ఇవ్వాలి. గోప్యత వల్ల కలిగే రక్షణ కన్నా వెల్లడి వల్ల ప్రజలకు మేలు ఎక్కువైతే ఇవ్వొచ్చని సెక్షన్ 8(2) చెబుతుంది. కోర్టు సీల్ వేసిన కాగితం ఆర్టీఐ దరఖాస్తుతో రాదన్నది నిజమే. కానీ పార్లమెంటు ఒప్పుకున్న సూత్రం అక్కడుంది.

దీనికి పెద్ద ఉదాహరణ రఫేల్. యుద్ధ విమానాల కొనుగోలు కన్నా భద్రతా విషయం ఇంకేముంటుంది? దానిపై కాగ్ ఆడిట్ రిపోర్టును 2019 ఫిబ్రవరి 13న పార్లమెంటు ముందు పెట్టారు. రక్షణ శాఖ కోరినట్టు ధరల అంకెలు చెరిపేసి మరీ పెట్టారు. ఆ చెరిపివేతపై విమర్శలు వచ్చాయి, అది వేరే చర్చ. రిపోర్టు మాత్రం జనం చేతికొచ్చింది.

అమెరికా అనుభవం ఇంకా పాతది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అక్కడి సైన్యం వాడే రహస్య సంకేత యంత్రం నుంచి విద్యుత్ తరంగాలు బయటికి లీకవుతున్నాయని బెల్ ల్యాబ్స్ ఇంజినీర్లు కనిపెట్టారు. అధికారులు నమ్మలేదు. అప్పుడు ఇంజినీర్లు న్యూయార్క్‌లోని వారిక్ స్ట్రీట్‌లో, సైన్యం సంకేత కేంద్రానికి 80 అడుగుల దూరంలో, రోడ్డుకు అవతల ఉన్న భవనంలో కూర్చున్నారు. గంటసేపు తరంగాలను రికార్డు చేశారు. మూడు నాలుగు గంటల్లో 75 శాతం సందేశాన్ని చదివి చూపించారు. తర్వాత ఈ రంగానికి టెంపెస్ట్ అని పేరు పెట్టి దశాబ్దాలు రహస్యంగా ఉంచారు. ఈ వారిక్ స్ట్రీట్ సంగతి ఉన్న అంతర్గత వ్యాసాన్ని నేషనల్ సెక్యూరిటీ ఏజెన్సీయే 2007లో, అక్కడి సమాచార చట్టం కింద బయటికి ఇచ్చింది. కొన్ని చోట్ల నల్ల గీతలు పడ్డాయి. అసలు పాఠం మాత్రం అందరికీ అందింది.

ఇక్కడి లెక్క అక్కడి కోర్టులో

పెగాసస్ విషయంలో భారతీయులకు తెలిసిన ఒక ముఖ్యమైన అంకె కూడా అమెరికా నుంచే వచ్చింది. 2019లో వాట్సాప్ ద్వారా దాదాపు 1,400 ఫోన్లపై దాడి జరిగిందని ఆ కంపెనీ కాలిఫోర్నియా కోర్టులో ఎన్ఎస్ఓపై కేసు వేసింది. 2025 ఏప్రిల్‌లో బయటపడిన ఆ కోర్టు కాగితాల్లో 51 దేశాల్లోని 1,223 మంది బాధితుల లెక్క ఉంది. అందులో భారత్ వాటా 100. మే 6న జ్యూరీ ఎన్ఎస్ఓకు దాదాపు 16.8 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. అక్టోబర్‌లో జడ్జి దాన్ని 40 లక్షల డాలర్లకు తగ్గించి, వాట్సాప్ జోలికి ఇక వెళ్లొద్దని శాశ్వత ఆంక్ష పెట్టారు.

ఆ 100 మంది ఈ దేశ పౌరులో, ఇక్కడ ఉన్నవారో. వాళ్ల లెక్క విదేశీ కోర్టు ఫైల్లో దొరికింది. స్వదేశంలో ఉన్న నివేదిక మాత్రం సీల్‌లో ఉంది.

రెండు నిమిషాలకు ఒక సంతకం

మామూలు ఫోన్ ట్యాపింగ్ విషయానికొస్తే దానికి చట్టం ఉంది. 1885 టెలిగ్రాఫ్ చట్టం, 1996 డిసెంబర్‌లో పీయూసీఎల్ కేసులో సుప్రీంకోర్టు పెట్టిన షరతులు, ఇప్పుడు 2023 టెలికాం చట్టం, 2024 డిసెంబర్‌లో వచ్చిన రూల్స్. వీటన్నిటిలో ఒకటే పద్ధతి. కేంద్రంలో, రాష్ట్రంలో హోం శాఖ కార్యదర్శి ఉత్తర్వు ఇస్తారు. కేబినెట్ సెక్రటరీ లేదా చీఫ్ సెక్రటరీ కమిటీ దాన్ని సమీక్షిస్తుంది. అడిగేది ప్రభుత్వమే, ఇచ్చేది ప్రభుత్వమే, తనిఖీ చేసేదీ ప్రభుత్వమే. జడ్జి ఎక్కడా లేరు. కంపెనీ లెక్కలు రాసినవాడే ఆడిట్ చేస్తే ఏ బ్యాంకైనా ఆ కంపెనీకి అప్పిస్తుందా?

ఎస్ఎఫ్ఎల్‌సీ అనే సంస్థ ఆర్టీఐ వేస్తే కేంద్రం నెలకు సగటున 7,500 నుంచి 9,000 ట్యాపింగ్ ఉత్తర్వులు ఇస్తున్నట్టు తేలింది. ఇది 2014లో వెలువడిన వివరం. తక్కువ అంకే తీసుకుందాం. 7,500ను 30తో భాగిస్తే రోజుకు 250. ఆఫీసు రోజుకో 8 గంటలు పనిచేస్తుందనుకుంటే గంటకు 31. అంటే సెలవు లేకుండా కూర్చున్నా రెండు నిమిషాలకు ఒక ఉత్తర్వు. ఫైలు చదివేదెప్పుడు? సమీక్ష కమిటీ రెండు నెలలకోసారి కూర్చుంటే ఒక్క సమావేశంలో 15 వేల నుంచి 18 వేల ఉత్తర్వులు చూడాలి. ఇది అయ్యే పని కాదని 2018లో జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ కూడా ఎత్తిచూపింది.

అదే 2018 డిసెంబర్‌లో ఇంటర్నెట్ ఫ్రీడమ్ ఫౌండేషన్ ప్రతినిధి ఆర్టీఐ కింద ఐటీ చట్టం నిఘా ఉత్తర్వుల సంఖ్య అడిగారు. పేర్లు కాదు, ఎన్ని అని మాత్రమే. మొదట భద్రత అన్నారు. తర్వాత, రూల్స్ ప్రకారం ఆరు నెలలకోసారి రికార్డులు ధ్వంసం చేస్తాం కాబట్టి సమాచారం లేదన్నారు. ప్రజలు అడిగి, అప్పీలుకు వెళ్లి, కమిషన్ దాకా చేరేసరికి ఆరు నెలలు ఎప్పుడో దాటిపోతాయి.

రెండు తెలుగు రాష్ట్రాల సంగతి

ఉగ్రవాదులపై వాడితే తప్పేంటి అన్న ప్రశ్నకు జవాబు కోసం హైదరాబాద్ వైపే చూడొచ్చు. స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్యూరో మావోయిస్టుల కదలికలు కనిపెట్టడానికి పెట్టిన విభాగం. అదే విభాగంలో ప్రతిపక్ష నేతలు, వ్యాపారులు, జర్నలిస్టుల ఫోన్లు విన్నారన్న ఆరోపణపై 2024 మార్చిలో పంజాగుట్ట పోలీస్ స్టేషన్‌లో కేసు నమోదైంది. ఒక హైకోర్టు జడ్జి ఫోన్ కూడా ఉందన్న వార్తలతో తెలంగాణ హైకోర్టు దీన్ని సుమోటోగా తీసుకుంది. 2023 ఎన్నికల ఫలితాలు వచ్చిన మర్నాడు, డిసెంబర్ 4న, హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారన్నది పోలీసుల ఆరోపణ. బీఆర్ఎస్ నాయకత్వం దీన్ని రాజకీయ కక్ష అంటోంది. నిజమేంటో కోర్టు తేల్చాలి. అయితే ఒక శత్రువు కోసం పెట్టిన యంత్రం ఇంకో వైపు తిరగొచ్చన్న భయం ఊహ కాదని ఈ కేసుతో అర్థమవుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లోనూ ఈ పేరు వినపడింది. గత ప్రభుత్వం పెగాసస్ కొన్నదన్న ఆరోపణపై 2022 మార్చిలో అసెంబ్లీ హౌస్ కమిటీ వేసింది. తెలుగుదేశం ఆ ఆరోపణను ఖండించింది. 2023 అక్టోబర్‌లో హైదరాబాద్ ఎంపీ అసదుద్దీన్ ఒవైసీతో పాటు పలువురు ప్రతిపక్ష నేతలకు, మీ ఐఫోన్‌పై ప్రభుత్వ మద్దతు ఉన్న దాడి జరుగుతుండొచ్చని ఆపిల్ నుంచి హెచ్చరిక వచ్చింది. ఏ దేశ ప్రభుత్వమో చెప్పలేమని, కొన్ని హెచ్చరికలు పొరపాటు కూడా కావొచ్చని ఆపిల్ వివరణ ఇచ్చింది.

ఒకటి గమనించాలి. ప్రతిపక్షంలో ఉండగా నిఘాపై గొంతెత్తని పార్టీ లేదు. కుర్చీ ఎక్కాక నిఘా చట్టం మార్చిన పార్టీ కూడా లేదు. అందుకే ఈ సంగతిని పార్టీలకు వదిలేస్తే కుదరదు.

ఇంట్లో దీనితో పనేంటి?

"మన దగ్గర దాచడానికేముంది?" అని పెద్దవాళ్లు అంటుంటారు. "ఫోన్‌లో ఎక్కువ మాట్లాడకు బేటా, ఇంటికొచ్చాక చెప్పు" అని కూడా వాళ్లే అంటారు. రెండో మాటలోనే మొదటిదానికి జవాబు ఉంది. తప్పు చేయకపోయినా ఎవరో వింటున్నారేమో అన్న జంకు ఉంది. ఆ జంకుతో ఉండే మనిషి ఫిర్యాదు రాయడు, మీటింగ్‌కు రాడు, లాయర్‌తో కూడా సగమే చెబుతాడు. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జిలు గోప్యతను ప్రాథమిక హక్కు అన్నది ఇలాంటి మనిషి కోసమే.

ఇంకో కారణం దీనికన్నా బరువైనది. ఈరోజు ఏ కేసులోనైనా మొదట స్వాధీనం చేసుకునేది ఫోన్‌నే. చొరబడ్డ సాఫ్ట్‌వేర్ వినడంతో ఆగకపోవచ్చు, ఫైళ్లు పెట్టగలదు కూడా. భీమా కోరేగావ్ కేసులో నిందితుడి ల్యాప్‌టాప్‌లో పత్రాలను బయటి నుంచి పెట్టారని అమెరికన్ ఫోరెన్సిక్ కంపెనీ ఆర్సెనల్ 2021లో నివేదిక ఇచ్చింది. డిఫెన్స్ తరఫున వచ్చిన ఆ నివేదికపై కోర్టు ఇంకా తీర్పు చెప్పాల్సి ఉంది. అలాంటి అనుమానం ఉన్న కేసులో ఒక సామాన్య కుటుంబం ఏ ఆధారంతో వాదించాలి? ఫోన్‌లో ఏ గుర్తులు చూడాలి, ఏ పరీక్ష నమ్మదగింది అన్నది సుప్రీంకోర్టు స్వయంగా నియమించిన నిపుణులు పరిశీలించారు. ఆ పద్ధతి బయటికొస్తే జిల్లా కోర్టులో వాదించే చిన్న లాయర్‌కు కూడా పనికొస్తుంది.

అప్పటిదాకా చేతిలో ఉన్నది కొంచెమే. ఫోన్ అప్‌డేట్లు వాయిదా వేయకూడదు, ఎందుకంటే స్పైవేర్ పాత కన్నాల నుంచి కూడా రాగలదు. ప్రమాదం ఎక్కువున్న వృత్తిలో ఉన్నవాళ్లు ఐఫోన్‌లో లాక్‌డౌన్ మోడ్ పెట్టుకోవచ్చు. పోలీసులు ఫోన్ తీసుకుంటే పంచనామా కాపీ, హ్యాష్ విలువ అడగాలి. హ్యాష్ అంటే ఫోన్‌లోని డేటాకు వేలిముద్ర లాంటి అంకె. తర్వాత డేటాలో ఒక్క అక్షరం మారినా ఆ అంకె మారిపోతుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్‌లో ఈ విలువ రాయాలి.

పిటిషనర్ల కోరికను మూడు ముక్కల్లో చూస్తే కోర్టుకు దారి దొరుకుతుంది. జస్టిస్ రవీంద్రన్ సూచనలను 2022లో చెప్పినట్టే పూర్తిగా వెబ్‌సైట్‌లో పెట్టడం మొదటిది. నిపుణుల నివేదికలో పేర్లు, ప్రమాదకర సాంకేతిక వివరాలపై నల్ల గీత కొట్టి మిగతాది ఇవ్వడం రెండోది. ఏటా ఎన్ని నిఘా ఉత్తర్వులు ఇచ్చారు, సమీక్షలో ఎన్ని రద్దయ్యాయి అన్న రెండు అంకెలు పార్లమెంటు ముందు పెట్టమని చెప్పడం మూడోది. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ ఏ గూఢచారి పేరూ బయటపెట్టదు, ఏ దర్యాప్తునూ ఆపదు.

కవర్ విప్పి మళ్లీ మూసిన కోర్టే ఇందులో ఏది రహస్యం, ఏది కాదు అన్నది పేజీ పేజీకి చెప్పగలదు. ఫోన్ ఇచ్చిన ఆ 29 మంది, పేరు తెలియని ఆ 100 మంది, ఇంటికొచ్చాక చెప్పమనే తల్లిదండ్రులు ఎదురుచూస్తున్నది ఆ జవాబు కోసమే.